దూరం లేని నడక

అడుగులు లెక్కపెట్టే నా పాత గడియారం అమ్మకు ఇచ్చిన నెలకు గానీ నాకు తెలియలేదు, ఆమె నడకలన్నీ నా పేరు మీద పడుతున్నాయని. గడియారం చేతులు మారింది కానీ అందులోని ఖాతా మార్చలేదు. ఫోన్‌లో యాప్ తెరిస్తే, ఒకే ఉదయం నేను పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతూ, మళ్ళీ కాసేపటికే నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగి ఆఫీసు వైపు నడుస్తూ కనిపించాను.

ఆ ఆదివారం కూర్చుని ఇద్దరి నడకలనూ విడదీశాను. అమ్మ పేరున కొత్త ఖాతా తెరిచి, నా ఖాతాలో ఉన్న ఆమె నడకలను ఒక్కొక్కటిగా ఫైలుగా దించుకుని, అక్కడ తీసేసి, ఇక్కడ ఎక్కించాలి. ఓపిక ఉండాలి గానీ కష్టమైన పని కాదు. తారీఖులూ సమయాలూ చూసి ఎవరిది ఏదో తేల్చుకుందామనుకున్నాను. కాసేపటికి ఆ అవసరం లేదని తెలిసింది. మ్యాప్ మీద గీత చూస్తే చాలు. నా గీత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల వంచుకుని పోయే మనిషి గీత. బయల్దేరిన చోటు నుంచి చేరాల్సిన చోటికి పోతుంది, మధ్యలో ఎవరితోనూ పని లేదు. అమ్మ గీత అలా కాదు. కూరగాయల బండి దగ్గర ముడి పడుతుంది. వాచ్‌మన్ గది దగ్గర ఇంకో ముడి. బీ బ్లాక్ బెంచీ దగ్గర పెద్ద ముడి, అంటే ఆ రోజు ఎవరి కోడలి గురించో మాట్లాడుకున్నారన్నమాట. ఏళ్ళుగా డైరీ రాసే అలవాటున్న నాకు ఆ గీతలు చేతిరాతల్లా అనిపించాయి. అమ్మ ఎప్పుడూ ఏదీ రాసుకోలేదు. అందుకేనేమో, తీసేయాల్సిన వాటిని కూడా కాసేపు చూస్తూ కూర్చున్నాను.

మాది పుప్పాలగూడే. మా ఇల్లూ పశువుల కొట్టమూ ఉన్న స్థలాన్ని బిల్డర్‌కు ఇస్తే, కట్టిన దాంట్లో మాకొక ఫ్లాట్ వచ్చింది. నాన్నకు జహీరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. మిగతా రోజులు అమ్మా నేనూ. పొద్దున్నే లేచి పేడ తీసి, పాలు పితికి, నాలుగిళ్ళకు పోసి వచ్చే మనిషికి ఒక్కసారిగా లిఫ్టూ టైల్సూ తప్ప పని లేకుండా పోయింది. షుగర్ వచ్చింది. డాక్టర్ నడవమన్నాడు. అమ్మకు ఆ మాటే అర్థం కాలేదు.

“పని లేక నడుసుడేంది బిడ్డా. చూసినోళ్ళు పిచ్చిదనుకుంటరు.”

ఆమెను నడిపించింది నేను కాదు, టీచరమ్మ. పై అంతస్తులో కొడుకు దగ్గర ఉంటుంది. అనంతపురం మనిషి, లెక్కలు చెప్పి రిటైరయింది. ఒకరోజు లిఫ్టులో అమ్మను చూసి, “ఏమక్కా, ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి, రేపు ఆరుకి కిందికి రా” అందట. అడిగినట్టు కాదు, క్లాసుకు పిలిచినట్టు. అమ్మ వెళ్ళింది. అప్పటికే పదిమంది దాకా ఆడవాళ్ళు నడుస్తున్నారు. అందరి గడియారాలూ ఫోన్లూ కలిపి టీచరమ్మ యాప్‌లో ఒక గ్రూపు పెట్టింది, ఖాతా వేరయ్యాక అమ్మనూ చేర్చింది. ఎవరు ఎంత నడిచారో పట్టికలో కనిపిస్తుంది. నెలాఖరున మొదటివారికి ఆమె చేత్తో ఒక స్టీలు డబ్బా.

అమ్మకు ఆ డబ్బా ఎప్పుడూ రాలేదు. ఎక్కువగా పట్టిక అడుగునే ఉండేది. అయినా ఇంటికి రాగానే పట్టిక చూపించమనేది. తన పేరు అక్కడ ఉంటే చాలు. ఈ బిల్డింగులో ఐదేళ్ళున్నా పక్క ఫ్లాటువాళ్ళ పేరు తెలియని మనిషి, ఇప్పుడు ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో, ఎవరింట్లో ఏం పచ్చడి పెట్టారో నాకు చెప్పేది. షుగర్ కూడా తగ్గుముఖం పట్టింది. మందు పని చేసిందో, మాటలు పని చేశాయో నాకు తెలియదు. ఆ పొద్దుటి నడక మాత్రం ఆగకూడదని లోపల గట్టిగా ఉండేది నాకు.

బతుకమ్మ రోజులు వచ్చాయి. మా అపార్ట్‌మెంట్‌లో మొదటి రోజూ చివరి రోజూ మైకు పెట్టి అందరూ ఆడతారు. మధ్య రోజుల్లో ఆడేది మాత్రం ఊరివాళ్ళమే. క్లబ్ హౌస్ ముందు చిన్న బతుకమ్మను పెట్టి పదీ పన్నెండు మంది. నేను బాల్కనీలోంచి చూస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే. నలుగురు చూస్తుండగా వంగి చప్పట్లు కొట్టడమంటే నాకు చేతులు బిగుసుకుపోతాయి.

ఐదో రోజు, అట్ల బతుకమ్మ నాడు సాయంత్రం అమ్మ కిందికి పోతూ, నేను నేర్పినట్టే గడియారంలో నడక గుర్తు మీద నొక్కింది. పైకి వచ్చాక చేయి చాచి చూపించింది. అడుగులు పట్టికలో అందరినీ దాటేలా ఉన్నాయి.

“చూసినవా. రోజు పొద్దుగాల గింత నడుస్తలేను. ఆడుకుంట ఆడుకుంట ఎంతైందో.”

మర్నాడు పొద్దున నాకు సెలవు. అమ్మతో కలిసి నేనూ దిగాను. గేటు దగ్గర అందరూ జమయ్యారు. టీచరమ్మ ముందు రోజు హఫీజ్‌పేట్‌లో చెల్లెలి ఇంటికి పోయి రాత్రి వచ్చిందట. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫోన్ చూస్తోంది.

“అక్కా, నీ నిన్నటిది పట్టికలోంచి తీసేసినా.”

“ఎందుకు?”

“అన్నేసి అడుగులుండాయి, దూరం చూస్తే సున్నా. నిలబడిన చోటే అన్ని అడుగులు ఎట్లొస్తాయి? గడియారం తీస్కపోయి ఏ పిల్లోని ఉయ్యాలకో కట్టినావా ఏంది?”

నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. వాళ్ళల్లో ముందు రోజు ఆడింది అమ్మ ఒక్కతే. పోయిన వేసవిలో సీ బ్లాక్‌లో ఒకామె నిజంగానే అడుగులు పెరగాలని మనవడి ఉయ్యాలకు గడియారం కట్టి దొరికిపోయింది. అప్పటి నుంచి ఆ మాట ఆ గుంపులో ఒక జోకు. అమ్మ కూడా దానికి చాలాసార్లు నవ్వింది. ఈసారి నవ్వలేదు. బతుకమ్మ ఆడానని ఒక్క ముక్క చెబితే పోయేది. చెప్పలేదు. నేను చెబుదామనుకుని నోరు తెరిచేలోపే మాట గ్యాసు సిలిండర్ల మీదికి మళ్ళింది. నడక మొదలైంది. సగంలో అమ్మ చెప్పు కరుస్తోందని ఇంటికి వచ్చేసింది.

ఆ రోజు అలిగిన బతుకమ్మ. ఆ నాడు బతుకమ్మను పేర్చరు, ఆడరు. అమ్మవారు అలిగిందంటారు. అమ్మ పగలంతా వంటింట్లో గిన్నెలు తోమినవే తోమింది.

“నువ్వు ఆడినవని చెప్పకపోతివి” అన్నాను.

“నేనెందుకు చెప్పాలె. దొంగతనం చేసిన్నా?”

“ఆంటీ మామూలుగా అన్నది. ఆమెకేం తెల్సు.”

“ఆమెకెట్ల తెల్వదు? నిన్న కింద డప్పుల లెక్క చప్పట్లు కొడితిమి, బిల్డింగంత ఇన్నది.” తర్వాత కొంచెం తగ్గి, “దేవుడే అలిగిన రోజు. నేను అలిగితే తప్పా?” అంది.

మర్నాడు పొద్దున అమ్మ నడకకు పోలేదు. సాయంత్రం చప్పట్లు వినిపించినా కిందికి దిగలేదు. కాళ్ళు గుంజుతున్నాయంది. టీవీ ముందు కూర్చుని, దాన్ని చూడకుండా, నన్ను పిలిచింది.

“నువ్వు కంప్యూటర్ల చేస్తవు కద. గా సున్నను జర సరి చెయ్యి. అది సక్కగైతే ఆమెనే మల్ల పట్టికల పెడతది.”

ఏం జరిగిందో అప్పుడు చూశాను. ముందుగా గడియారం రాసుకున్న అసలు ఫైలును దించి పక్కన పెట్టుకున్నాను. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం. దేన్నైనా ముట్టుకునే ముందు ఒక నకలు తీసి పెట్టడం చేతికి అలవాటైపోయింది. తర్వాత అదే నడకను దారి మాత్రమే ఉండే రకం ఫైలుగా దించి తెరిచాను. వరుస వెంట వరుస. ఒక్కో వరుసలో ఒక చోటు, ఆ చోట ఉన్న క్షణం. గంటకు పైగా ఆడిన ఆటకు ఎన్ని వరుసలుండాలి? కొన్నే ఉన్నాయి. మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. కారణం చిన్నది. మనిషి ఆగితే గడియారం తనంతట తాను లెక్క ఆపేసే ఏర్పాటు ఒకటుంది. నేను సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడు పనికొస్తుందని ఎప్పుడో పెట్టుకున్నాను. గడియారంతో పాటు అది కూడా అమ్మకు వెళ్ళింది. పది అడుగుల జాగాలో గుండ్రంగా తిరిగే మనిషి దానికి నిలబడిన మనిషే. అడుగులు చేతి కదలికను బట్టి లెక్కపడుతూనే ఉన్నాయి. దూరం మాత్రం ఆగిపోయింది.

పోయిన వరుసలను తిరిగి తేలేను. రానివి ఎప్పుడూ రాలేదు. కానీ కొత్తవి గీయవచ్చు. మ్యాప్ మీద మౌస్‌తో నొక్కుతూ పోతే దారి తయారయ్యే సైట్లున్నాయి. రోజూ నడిచే దారే అనుకుని, గేటు నుంచి బీ బ్లాక్ మీదుగా వెనక గోడ వెంట, నాలుగు చుట్లు గీశాను. అట్ల బతుకమ్మ నాటి సమయాలు వేశాను. ఎక్కించబోతే ఈ సమయానికి ఇప్పటికే ఒక నడక ఉందని యాప్ ఒప్పుకోలేదు. పాతది తీసేస్తే గానీ కొత్తది పట్టదు. తీసేశాను. కొత్తది ఎక్కింది. అడుగులు ఇలాంటి ఫైలులో ఉండవు. దూరాన్ని బట్టి యాప్ తానే ఏవో వేసుకుంది. దూరమూ అడుగులూ ఇప్పుడు చక్కగా పొందికగా ఉన్నాయి.

అమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని, తర్వాత దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“ఇదేంది?”

“నీ నడక. సరి చేసిన.”

“ఎనక గోడ పొంటి నేనెప్పుడు పోయిన? ఆ గోడ కాడ మొన్న పాము ఎల్లిందని ఎవ్వరం పోతలేం.”

“ఊరికే అమ్మా. దూరం కోసం గీసిన.”

“ఊరికేనా.” వేలితో గీత వెంట పోయింది. “ఎక్కడ నిలవడలే, ఎవ్వరితోని మాట్లాడలే. ఇది నువ్వు నడిచినట్లుంది. నాది గాదు.” ఫోన్ నా ఒళ్ళో పెట్టింది. “ఉయ్యాలకు కట్టలేదంటే, కట్టినదాని కంటె అన్యాలం చేస్తివి. తీసెయ్యి.”

తీసేశాను. పక్కన పెట్టిన అసలు ఫైలును మళ్ళీ ఎక్కించాను. అడుగులు మళ్ళీ కొండంత, దూరం మళ్ళీ సున్నా. అమ్మ అది చూసి టీవీ కట్టేసింది. మరుసటి పొద్దున కూడా ఆరింటికి లేచి, చాయ్ తాగి, మళ్ళీ పడుకుంది. కిందినుంచి నడిచేవాళ్ళ నవ్వులు వినిపిస్తుంటే కిటికీ మూసింది. అలవాటు తెగడానికి ఎన్నో రోజులు పట్టదు. ఇంకో రెండు పొద్దులు ఇలాగే పోతే అమ్మ మళ్ళీ లిఫ్టుకూ టైల్స్‌కూ మధ్య ఉండిపోతుందని నాకు అనిపించింది. తను పోయి చెప్పదు. టీచరమ్మకు తాను అన్న మాట అప్పటికే గుర్తు కూడా ఉండి ఉండదు. చెప్పాల్సింది నేను. చెప్పాలంటే నా దగ్గర ఏదైనా ఉండాలి. ఉత్త చేతులతో నేను ఎవరి తలుపూ తట్టలేను.

ఆ సాయంత్రం ఆఫీసు పని ముగించి, అమ్మ గడియారం అడిగి తీసుకున్నాను. ఆపే ఏర్పాటును తీసేశాను. పాత చుడీదార్ వేసుకుని కిందికి దిగాను.

నన్ను చూసి ముందుగా మాట్లాడింది మా ఊరి పెద్దమ్మ ఒకామె. “ఓ, డాక్టరమ్మ దిగొచ్చింది. ఏమైందే, లైటు పోయిందా పుస్తకాలు సదువనీకె?”

“నేను డాక్టర్ కాదు పెద్దమ్మా.”

“ఏదో ఒకటి. రా, నడుమ నిలవడకు, చుట్టు తిరుగు.”

తిరిగాను. మొదటి చుట్టు నా ముందున్నామె మడమలు చూస్తూ తిరిగాను. ఒక అడుగు వేసి, వంగి, చప్పట్లు కొట్టి, లేచి, ఇంకో అడుగు. నా చప్పట్లు అందరికంటే అర క్షణం వెనక పడుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. పాట అందుకోమని ఎవరో మోచేత్తో పొడిచారు. నోరు మాత్రం కదిపాను. తంగేడు పువ్వుల వాసనా అగరొత్తి పొగా కలిసి వచ్చాయి. కొన్ని చుట్ల తర్వాత చప్పట్లు కలిసిపోయాయి, నావి ఏవో నాకే తెలియలేదు. ఒకసారి తలెత్తితే బాల్కనీలో అమ్మ కనిపించింది. చేత్తో సైగ చేస్తోంది, ఇంకా వంగమని.

అయిపోగానే చెమట ఆరకముందే టీచరమ్మ ఫ్లాటుకు పోయాను. ఆగితే ధైర్యం పోతుందని తెలుసు. తలుపు ఆమే తీసింది.

“ఏం పాపా, ఎప్పుడూ రానిదానివి. అమ్మకు బాగలేదా? రెండు దినాలుగా కనపడలే.”

“బాగానే ఉంది ఆంటీ.” ఫోన్ చాచాను. “ఇది చూడండి.”

ఇప్పుడు నేను ఆడి వచ్చిన దాని మ్యాప్. చుట్టూ టవర్లున్న చోట ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ గోడలకు తగిలి చెదురుతుంది. అందుకే గుండ్రం గుండ్రంగా రాలేదు. క్లబ్ హౌస్ ముందు దారపు ఉండ చిక్కుపడినట్టు ఉంది. రెండు పోగులు క్లబ్ హౌస్ లోపలికి కూడా పోయి వచ్చాయి.

ఆమె కళ్ళజోడు దించుకుంది. “ఏందిది?”

“బతుకమ్మ. నేను ఆడాను. అమ్మది కూడా అదే. ఆ రోజు గడియారం ఆగిందనుకుని దూరం వేయలేదు. మీరు ఇంట్లో లేరు. అమ్మ ఉయ్యాలకు కట్టలేదు ఆంటీ.”

చివరి మాట నేను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. టీచరమ్మ సోఫాలో కూర్చుని కాసేపు ఆ ఉండనే చూసింది. తర్వాత చేయి చాచి, “ఆ గడియారం ఇట్లీ” అంది. చేతికి పెట్టుకుని, కూర్చున్న చోటే వంగి వంగి చప్పట్లు కొట్టింది. లోపల్నుంచి కొడుకు, “అమ్మా, ఏం చేస్తాండావు?” అని అడిగాడు. “లెక్క చేస్తాండా, నువ్వు పని చూస్కో” అంది. గడియారం నాకు చూపించింది. కూర్చున్న మనిషికి అడుగులు పెరిగాయి.

“చూసినావా. చప్పట్లు కూడా అడుగులే అనుకుంటాది ఇది. కాబట్టి మీ అమ్మ అడుగులు అన్నీ అడుగులు కావు. పట్టికలో ఉంచేకి లేదు.”

నేను తలూపాను. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆమె చెప్పింది నిజం. ఫోన్ తీసుకుని తలుపు వైపు తిరిగాను.

“లెక్క తీసేసింది సరే” అంది ఆమె గడియారం విప్పుతూ. “ఉయ్యాల అన్నది సరి కాదు. అందరి ముందర అంటి. అడగాల్సింది, అడగకుండా అంటి. మీ అమ్మ ఒక్క మాట చెప్పొచ్చు కదా?”

“చెప్పదు ఆంటీ.”

“నువ్వు చెప్తివి కదా.”

ఇంటికి వచ్చాక అమ్మ ఎక్కడికి పోయానని అడగలేదు. నా చేతి నుంచి గడియారం తీసుకుంటూ, “నీకు వంగుడు రాదు. నడుము ఇరిగినట్లు వంగుతున్నవు” అంది. చప్పట్ల సంగతి చెప్పాను, అవి కూడా అడుగుల్లో పడతాయని.

“మరి నాయి దొంగ అడుగులేనా?”

“కొన్ని.”

“కొన్ని గాదు, సగం ఉంటయి. చప్పట్లు నేను బాగ కొడుత.”

ఆ నడకను ఏం చేయాలో మాత్రం తనే చెప్పింది. తీసేయొద్దు, పట్టికలో వద్దు. యాప్‌లో ఏ రకమైన కదలికో ఎంచుకునే చోటుంది. నడక, పరుగు, సైకిలు, ఈత, యోగా, చివరికి పడవకు తెడ్డు వెయ్యడం కూడా ఉంది. బతుకమ్మ లేదు. అన్నిటికంటే కింద ‘ఇతరం’ అని ఉంటే అది ఎంచుకుని, పేరు రాసే గడిలో ‘అట్ల బతుకమ్మ’ అని రాశాను. అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, సరే అంది. రేపు పొద్దున నడుస్తావా అని నేను అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని.

మర్నాడు సద్దుల బతుకమ్మ, చివరి రోజు. ఆరు కాకముందే బెల్లు మోగింది. తలుపు తీస్తే టీచరమ్మ, నడక బూట్లతో, చేతిలో ప్లాస్టిక్ సంచీతో.

“మీ అమ్మను పిలు.”

అమ్మ వంటింట్లోంచే, “నాకు ఇయ్యాల పనున్నది. పువ్వులు పేర్చాలె” అంది.

“ఆ పువ్వుల కోసమే వచ్చినా. నిన్న అన్న మాట ఇంకా మనసులో పెట్టుకుంటే పెట్టుకో అక్కా, తప్పు నాది. కానీ గునుగు పువ్వు అంటాంటారే, అదెట్లుంటాదో నాకు తెలీదు. మార్కెట్లో అడిగితే ఏదో ఎండు గడ్డి చేతిలో పెట్టి డబ్బు అడిగినాడు.”

వంటింట్లో చప్పుడు ఆగింది.

“ఎంతన్నడు?”

టీచరమ్మ చెప్పింది.

“వాని కళ్ళల్ల మన్ను బొయ్య” అంటూ అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. “సర్వీసు రోడ్డు పక్కన కట్టని ప్లాట్ల నిండ అదే ఉంటది, ఊరికె. నిన్న అన్న మాట గాదు, అటుమొన్నటిది. ఉండు, చెప్పులేసుకుంట.”

లిఫ్టు తలుపు మూసుకునేదాకా వాళ్ళ మాటలు వినిపించాయి. మార్కెట్ వాడు ఎక్కడ కూర్చుంటాడని అమ్మ అడుగుతోంది, తిరుగు దారిలో వాడి సంగతి చూద్దామని. రోజూ ఏడింటికి వచ్చే అమ్మ ఆ రోజు ఎనిమిది దాటాక వచ్చింది. చంకలో తెల్లటి గునుగు మోపు, చీర కుచ్చిళ్ళ నిండా పల్లేరు కాయలు. ఎంత దూరం పోయారని అడిగాను.

“తెల్వదు” అంది అమ్మ, మోపు నేల మీద పరుస్తూ. “అది నొక్కుడు యాది లేదు. రేపటి సంది ఆమె ఆరింటికి గాదు, పావు తక్కువ ఆరుకే రమ్మంటున్నది. నన్ను జర లేపు.”